ఆమె చేసిన పని గురించి రాయి

తిరుపతి

నాయనా,

పోటీకి పంపేముందు చూడమని ఇచ్చిన, ఆ నటి మీద నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. కోపం వచ్చింది, అందుకే వెంటనే రాస్తున్నా.

చిత్తూరు నుంచి వెళ్లి నాటకాల్లో, తర్వాత టీవీ సీరియళ్లలో పేరు తెచ్చుకున్న మనిషి ఆమె. మొగుడి తాగుడుకు రెండు పేజీలు ఇచ్చావు. నటనకు ఒక్క వాక్యం: ‘వందలాది పాత్రలకు జీవం పోసింది’. ఏ పాత్రలు? ఏ శ్రుతిలో పాడేది? రాత్రికి ఎంత ఇచ్చేవాళ్లు, అడ్వాన్సు ముందే చేతికొచ్చేదా? నాటకం అయ్యాక తెల్లవారి బస్సు వచ్చేదాకా ఎక్కడ కూర్చునేది? ఇవేవీ అడగకుండా ఎలా లేచి వచ్చావు?

మన వైపు మహాభారత నాటకాలాడే భారతం మిట్టల మీద ద్రౌపది వేషం మగవాళ్లే కట్టేవాళ్లు. అది చూస్తూ పెరిగిన పిల్ల ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి వేషానికి ఎలా సిద్ధపడింది, ఇంట్లో ఏమన్నారు? అది వదిలేసి, 1885లో కడప జిల్లా సురభిలో ‘కీచక వధ’ ఆడి సురభి నాటక సమాజం మొదలైన దగ్గర్నుంచి చరిత్ర ఎక్కించావు. అది పుస్తకాల్లో దొరుకుతుంది కదా.

చింతామణిగా మెప్పించిందని నువ్వే రాశావు. అందులో సుబ్బిశెట్టి పాత్ర మీద అభ్యంతరాలు వచ్చి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ‘చింతామణి’ నాటకాన్నే నిషేధించింది. ఆ వేషంతో బతికిన మనిషి ఆ వార్త విని ఏం చేసింది? నీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

ఒక్కచోట నా మనసు కలుక్కుమంది. సీరియల్లో తనకు వేరెవరో డబ్బింగ్ చెప్పారని, అది వచ్చేటప్పుడు టీవీ సౌండ్ తీసేసి చూసేదని రాశావు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్న గొంతు నాయనా అది! మన యాస పనికిరాదన్నారా? ఎవరన్నారు? రెండు వాక్యాల్లో ముగించి మళ్లీ మొగుడి దగ్గరికి వెళ్లిపోయావు.

నేను కొత్తగా రాసే రోజుల్లో పుత్తూరు వైపు ఒక నటి గురించి రాసి ఒక వారపత్రికకు పంపాను. ఆమె నాటకాలు మాని, కుట్టుమిషన్ పెట్టుకుని నిబ్బరంగా బతుకుతోంది. ఎడిటరు చివర సొంతంగా ఒక వాక్యం కలిపాడు, పూట గడవక కాలం వెళ్లదీస్తోందని. అది చూశాక ఆమె నాతో మాట్లాడలేదు. నిలదీస్తే, పాఠకులకు అదే కావాలన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మగ నటుడి గురించి రాస్తే ఆయన గొంతు, ఆయన పద్యం. ఆడమనిషి అయితే ఆమె కన్నీళ్లు. ఈ పద్ధతి నీ తరంలోనైనా పోవాలి.

భాష బాగుంది. నువ్వడిగిన పుస్తకం అచ్చు వేయించే సంగతి ఇప్పుడొద్దు.

మళ్లీ చిత్తూరు వెళ్లు. ఆమెకు హార్మోనియం వాయించినవాళ్లు ఎవరైనా ఉంటే కలువు. ఆమె చేత ఒక పద్యం పాడించుకుని, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో రాసుకో. మొగుడి పేజీలు తీసేసి, ఇవి రాసి నాకు పంపు. పోటీ గడువు దాటితే దాటనీ.

ఆశీస్సులతో