కుడి కంట్రోల్ జోలికి వెళ్లకండి

మీ ప్రశ్న ఇది: చూపు లేదు, విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలను గొంతుతో చదివేది) పని బాగానే నడుస్తోంది, ఇప్పుడు విండోస్‌లాంటి ఇంకో సిస్టమ్ లినక్స్ నేర్చుకోవాలి. డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టి, స్విచ్ వేసినప్పుడు ఒకటి ఎంచుకోవడం) చేయించుకోవాలా, వర్చువల్ మెషీన్‌లో (విండోస్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్‌లాంటిది, పొట్టిగా వీఎం) పెట్టుకుంటే స్క్రీన్ రీడర్ పనిచేస్తుందా అని.

వర్చువల్ మెషీనే. ఇంకో ఆలోచన పెట్టుకోకండి. డ్యూయల్ బూట్ అనేది ఇంట్లో కళ్లున్న మనిషి ఒకరు ఎప్పుడూ ఖాళీగా కూర్చుని ఉండేవాళ్ల కోసం. నేను ఆ ముచ్చట కూడా తీర్చుకున్నాను. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ దాకా కంప్యూటర్ మూగది. ఏ సిస్టమ్‌లోకి వెళ్లాలో అడిగే ఆ నల్ల తెర మన స్క్రీన్ రీడర్‌కు అందదు. "కింది బాణం ఒకసారి, ఎంటర్" అని వేళ్లకు బట్టీ పట్టించి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఒకరోజు అప్‌డేట్ తర్వాత ఆ వరస మారిపోయింది. నాలుగో తరగతి చదివే మా అన్నయ్య కొడుకును పిలిచి చూడమంటే, "బాబాయ్, నల్లగా ఉంది, తెల్ల అక్షరాలున్నాయి, ఇంగ్లిష్" అన్నాడు. అంతవరకు నాకూ తెలుసు.

వర్చువల్ మెషీన్‌లో అయితే ఆ నల్ల తెర కూడా విండోస్‌లో ఒక విండో, అంతే. ఇన్సర్ట్ పట్టుకుని ఆర్ నొక్కితే ఎన్‌వీడీఏ దాన్ని ఫొటోలా పట్టుకుని, విండోస్‌లో ఉన్న ఓసీఆర్‌తో, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే పనిముట్టుతో, చదివేస్తుంది. 2017 నుంచి ఉంది ఈ సదుపాయం, చాలామందికి తెలీదు. అక్కడక్కడా తప్పు చదువుతుంది. అయినా మా వాడికన్నా నయం. లోపల డెబియన్ అనే లినక్స్ పెట్టుకోండి. బూట్ మెనూ వచ్చిందని ఓసీఆర్‌తో రూఢి చేసుకుని, ఎస్ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలరే మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒక్క జాగ్రత్త: వీఎంలు నడపడానికి విండోస్‌తో పాటు వచ్చే హైపర్-వీ వద్దు. అందులో లోపలి సిస్టమ్‌కు సౌండ్ కార్డే ఉండదు. సౌండ్ లేని కంప్యూటర్‌తో మనమేం చేసుకుంటాం? నేను వాడేది వర్చువల్‌బాక్స్.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఎవరూ చెప్పరు, నాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

2021లో దూరవిద్యలో ఎంఏ తెలుగు చదువుతున్నాను. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఇచ్చారు, సంతోషం. తెరిస్తే అన్నీ, అచ్చుపని కోసం ఇంగ్లిష్ అక్షరాలకు తెలుగు రూపం తొడిగిన పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. కంటికి తెలుగులా కనబడతాయట, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అది "జి, డాలర్, బ్రాకెట్, ఎక్స్". ఏ యుగంలో ఉన్నామండీ? ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ వచ్చి ఎన్నేళ్లయింది! సర్లెండి, ఆ గోల ఎత్తితే ఈ జవాబు తెల్లారేదాకా సాగుతుంది. చేసేది లేక అచ్చు పుస్తకాలు స్కాన్ చేసి, ఓసీఆర్ చేసి, తప్పులు దిద్దుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం వంట పని అయ్యాక మా వదిన పుస్తకం పట్టుకుని చదివేది, నేను ఫైల్లో దిద్దేవాణ్ని. మూడు నెలల్లో 112 పాఠాలయ్యాయి.

ఓసీఆర్ 'ప'ను 'వ' అని చదవడంలాంటి తప్పులు కొన్ని మాటల్లో పదేపదే వస్తాయి. వాటిని ఒకేసారి సరిచేసే కమాండ్లు లినక్స్‌లో ఉన్నాయని విని, వీఎం పెట్టుకుని, ఆ పాఠాలన్నీ లోపలికి కాపీ చేసుకున్నాను. ఫోల్డర్ పేరు బయటా లోపలా ఒకటే. గొంతు కూడా ఒకటే. బయట ఎన్‌వీడీఏ, లోపల లినక్స్ స్క్రీన్ రీడర్ ఆర్కా, రెండింటికీ ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతే పెట్టుకున్నాను, అదే స్పీడు. అలవాటైన గొంతు కదా అని.

ఇప్పుడు కుడి కంట్రోల్ కథ. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లందరికీ తెలుసు, వాగుతున్న గొంతును ఆపాలంటే కంట్రోల్ నొక్కుతాం. రోజుకు కొన్ని వందలసార్లు. నా వేలు కుడి కంట్రోల్ మీదే ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో కుడి కంట్రోల్‌కు వేరే పని ఉంది: ఒకసారి నొక్కితే కీబోర్డు లోపలి సిస్టమ్ నుంచి బయటికొచ్చేస్తుంది, మళ్లీ నొక్కితే లోపలికి వెళ్తుంది. ఆ సంగతి నేను చదివాను కూడా. చదివినది బుర్రకు తెలుసు, వేలికి తెలీదు.

ఆ రోజు లోపలి డిస్కు నిండిపోయింది. లోపలి కాపీ తీసేద్దామనుకున్నాను. ఆర్కా ఏదో పొడుగాటి మెసేజ్ చదువుతోంది. కుడి కంట్రోల్ నొక్కాను, ఆగలేదు. వీఎంలో సౌండ్ ఎలాగూ కాస్త వెనకబడుతుంది, ల్యాగ్ అనుకుని ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి. మూడుసార్లు నొక్కేసరికి కీబోర్డు బయట ఉంది. ఆల్ట్ ట్యాబ్ కొట్టాను. ఫోల్డర్ పేరు వినిపించింది, అదే పేరు, అదే గొంతు. కంట్రోల్ ఏ, షిఫ్ట్ డిలీట్. శాశ్వతంగా తీసేయమంటారా అంది. "యెస్ బటన్". ఎంటర్.

అక్కడ ఒక గుర్తు ఉంది, నేను వినిపించుకోలేదు. అప్పటి ఆర్కా "పుష్ బటన్" అనేది. ఎన్‌వీడీఏ ఉత్త "బటన్" అంటుంది. ఆ ఒక్క 'పుష్' లేకపోవడమే నేను విండోస్‌లో ఉన్నానని చెప్పిన సాక్ష్యం.

అంతటితో ఆగితే లోపలి కాపీ అయినా మిగిలేది. తిరిగి వీఎంలోకి వెళ్లి చూస్తే ఫోల్డర్ నిండుగా ఉంది. డిలీట్ అవలేదేమో అనుకుని దాన్నీ తుడిచేశాను.

రెండు రోజుల తర్వాత పాఠం కోసం వెతికితే గానీ తెలీలేదు. చెమటలు పట్టాయి. చివరికి కాపాడింది వీఎమ్మే. అంతకుముందు ఆదివారం ఏదో ప్రయోగం చేయబోతూ వీఎంను అప్పుడున్నది ఉన్నట్టు దాచే స్నాప్‌షాట్ ఒకటి తీసి పెట్టాను. దాన్ని వెనక్కి తెస్తే 71 పాఠాలు దొరికాయి, అప్పటికి లోపలికి చేరినవి అన్నే. అసలైన విండోస్‌కు మాత్రం బ్యాకప్ లేదు. ఆటబొమ్మకు అంత జాగ్రత్త, అసలుదానికి ఏమీ లేదు. తప్పు నాదే.

వదినకు చెప్పక తప్పలేదు. "నలభై ఒక్క పాఠాలు పోయాయి వదినా" అన్నాను. "ఒక కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ ఉందని మురిసిపోయావుగా, రెండిట్లోనూ పోయాయా?" అంది. నిజమే, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ గొప్ప చెప్పుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడే పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చుంది.

అందుకని ఏం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, ముందు గొంతులు మార్చండి. కళ్లున్నవాళ్లకు రెండు విండోల మధ్య గీత కనబడుతుంది, రంగు తేడా కనబడుతుంది. మనకు గొంతే చిరునామా. నాకు ఇప్పుడు బయట మగ గొంతు, లోపల ఆడ గొంతు. వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గరికెళ్లి హోస్ట్ కీని, అంటే కీబోర్డును లోపలికీ బయటికీ తిప్పే ఆ కీని, కుడి కంట్రోల్ నుంచి తీసేయండి. నేను ఎఫ్12 పెట్టుకున్నాను. క్యాప్స్ లాక్ గొడవ ఇంకోటి: బయటా లోపలా స్క్రీన్ రీడర్ కీ (దాని కమాండ్లకు పట్టుకునే కీ) అదే అయితే బయటి ఎన్‌వీడీఏ దాన్ని దారిలోనే పట్టేసుకుంటుంది, ఆర్కా దాకా పోనివ్వదు. బయట ఇన్సర్ట్, లోపల క్యాప్స్ లాక్ పెట్టుకోండి. వీఎం విండోలో ఉండగా ఇన్సర్ట్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే ఎన్‌వీడీఏ ఆ విండో వరకు నిద్రపోతుంది, బయటికి రాగానే లేస్తుంది. ఓసీఆర్ కావాలంటే మాత్రం అదే కీతో దాన్ని మళ్లీ లేపాలి. 8 జీబీ ర్యామ్ ఉంటే లోపలికి 4 ఇవ్వండి, ప్రాసెసర్లు రెండు ఇవ్వండి. ఒకటే ఇస్తే ఆర్కాకు నత్తి వస్తుంది.

"మీకెందుకండీ లినక్స్, విండోస్ చాలదూ" అనేవాళ్లు తగులుతారు, ముఖ్యంగా కంప్యూటర్ షాపుల్లో. నన్ను అడిగినవాడికి ఎన్‌వీడీఏ అంటే ఏమిటో కూడా తెలీదు. ఆస్ట్రేలియాలో ఒక చూపులేని కుర్రాడు 2006లో మొదలుపెట్టి, ఇంకో చూపులేని కుర్రాడితో కలిసి పెంచిన, ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ అని చెబితే నమ్మలేదు. అలాంటివాళ్లతో వాదన వద్దు.

ఇంకో మాట, ముందే చెప్పాల్సింది. మీకు కావాల్సింది ఉత్త కమాండ్లే అయితే ఈ తతంగం అంతా అక్కర్లేదు. విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ అని ఉంది, అందులో లినక్స్ కమాండ్లు నడుస్తాయి, ఎన్‌వీడీఏనే వాటిని చదువుతుంది, ఒకే గొంతుతో పని అయిపోతుంది. పాఠాలు దిద్దడానికి నాకు అప్పుడు అదే సరిపోయేది. ఆ సంగతి 41 పాఠాలూ మళ్లీ దిద్దుకున్నాక తెలిసింది.