రవి పనులు నువ్వు చేసేయకమ్మీ

అమ్మీ సుజాతా,

నీ మెసేజ్ చూశాను. మీ అత్తగారు తుంటి ఎముక ఆపరేషనై మంచం మీద ఉన్నారు, మీ ఆయన పొద్దున్నే పలాస డ్యూటీకి వెళ్ళిపోతాడు, ఇంట్లో ఇక నువ్వూ మీ మరిది రవీ, వాడేమో డౌన్ సిండ్రోమ్‌తో (పుట్టుకతోనే వచ్చేది, ఏదైనా నేర్చుకోడం నెమ్మది) ఉన్నవాడు, వాణ్ణి ఎలగ చూసుకోవాలో తెలీట్లేదు అన్నావ్. ఇది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో. మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ మా తమ్ముడు, అదే మీ చిన్నాన్న, నా దగ్గరే ఉన్నాడు కదా, వాడూ రవిలాగే ఒకరు చూసుకోవాల్సినవాడే, నాకు తెలిసిందంతా వాడి దగ్గర నేర్చుకున్నదే, కొంత డాక్టర్లు చెప్పింది.

అక్కడ అందరూ నీకు చెప్పేది ఒకటే ఉంటుంది, "పాపం వాడికేటి తెలుసు, నువ్వే చేసి పెట్టేయ్" అని. చెయ్యకు. నువ్వు అన్నం కలిపి పెడితే అయిదు నిమిషాల్లో అయిపోద్ది, వాడు కలుపుకుంటే అరగంట, చొక్కా నిండా చారు, అయినా సరే వాణ్ణే కలుపుకోనీ. ఇరవైనాలుగేళ్ళ మగాడమ్మా వాడు. మీ అత్తగారు ప్రేమకొద్దీ ఇన్నాళ్ళూ అన్నీ చేతికందించారు, ఆవిణ్ణి అనడానికేం లేదు, కానీ ఆవిడ మంచం పట్టేసరికి వాడికి కుండలో నీళ్ళు ముంచుకోడం కూడా రాదని ఇప్పుడు బయటపడింది కదా.

నేర్పేటప్పుడు పనిని ముక్కలు చేసి ఆఖరి ముక్క ముందు నేర్పు. చొక్కా బొత్తాలే తీసుకో, కింది నుంచి మొదలెట్టి నువ్వు పెట్టుకుంటూ వచ్చి ఆఖరిది వాడికి వొగ్గేయ్ (మెడ దగ్గరది వద్దు, అది మనకే కష్టం). అది వచ్చాక ఆఖరి రెండు, తర్వాత మూడు. మొదటిది వాడి చేత పెట్టించి మిగతావి మనం గబగబా పెట్టేస్తే పని మనదైపోద్ది, ఆఖరిది వాడు పెట్టుకుంటే "అయిపోయింది వదినా" అని వాడే చెప్తాడు, ఆ మొహం చూడు ఒకసారి. స్నానానికి బకెట్‌కి లోపల ఎర్ర టేపు అంటించు, చన్నీళ్ళు ముందు టేపు దాకా వాడు పట్టుకోవాలి, వేణ్ణీళ్ళు తర్వాతే, అవి మాత్రం కొన్నాళ్ళు నువ్వే పొయ్యి. ఈ వరస ఎప్పుడూ మార్చకు, వేడినీళ్ళు ముందు పోసే అలవాటైతే ఎప్పుడో చెయ్యి కాల్చుకుంటాడు.

మాట్లాడేటప్పుడు ఒక వాక్యానికి ఒక పని. "స్నానం చేసేసి బట్టలేసుకుని టిఫిన్ తిని మాత్రేసుకో" అంటే అందులో నాలుగు పనులున్నాయి, వాడికి మాత్ర ఒక్కటే వినబడుతుంది, వెళ్ళి మాత్ర డబ్బా తీస్తాడు, మనమేమో మాట వినట్లేదని కేకలేస్తాం. ఒకటి చెప్పి నోరు మూసుకుని మనసులో పది లెక్కపెట్టు. నిజంగా లెక్కపెట్టమ్మీ, మనవాళ్ళకి రెండు దాకా కూడా ఓపిక ఉండదు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. వాడు దేనికైనా "ఊఁ" అంటాడు. "కడుపు నొప్పా?" ఊఁ. "కడుపు బాగానే ఉందా?" దానికీ ఊఁ. అబద్ధం కాదు, అవునంటే మనం సంతోషిస్తామని చిన్నప్పట్నుంచీ అలవాటైపోయింది. "టీయా పాలా" అంటే చివర్న ఏదంటే అది చెప్తాడు, ఒకసారి తిరగేసి "పాలా టీయా" అని అడుగు, రెండుసార్లూ టీ అంటేనే టీ. బట్టలైతే రెండు చొక్కాలు ఎదురుగా పట్టుకుని చూపించు, వేలు పెట్టి చూపిస్తాడు. ఏది ఇష్టమో తెలియనోడని అందరూ అనుకుంటారు గానీ మీ చిన్నాన్నకి నీలం చొక్కా తప్ప ఇంకోటేస్తే గుమ్మం దాటడు.

ఒంట్లో బాగోపోతే కూడా మాటల్లో చెప్పడు, చేష్టల్లో చెప్తాడు. ఆమధ్య మీ చిన్నాన్న ఉన్నట్టుండి చెంప మీద కొట్టుకోడం మొదలెట్టాడు, కంచం తోసేసేవాడు, రాత్రుళ్ళు నిద్దర లేదు. పక్కింటావిడ ఉప్పు మిరపకాయలు తిప్పింది, ఇంకొకాయన మాత్రలిచ్చి పడుకోబెట్టెయ్యమన్నాడు. నేను వాడు కొట్టుకునే వైపే చూస్తూ కూర్చున్నా, ఎప్పుడూ ఎడం చెంపే. టార్చి వేసి నోరు తెరిపిస్తే లోపలి దవడపన్ను పుచ్చి చిగురు వాచిపోయుంది. పన్ను తీయించాక మళ్ళీ మామూలు మనిషి. అందుకని రవి కొత్తగా ఏదైనా చేస్తే "మొండికేశాడు" అనే మాట ముందు పక్కన పెట్టి పళ్ళు, చెవులు, మలబద్ధకం, మూత్రంలో మంట ఒక్కొక్కటీ చూడు. డాక్టర్ దగ్గర నీతో మాట్లాడుతుంటే "బాబుని కూడా అడగండి సార్" అను, అనాల్సిందే, లేకపోతే వాణ్ణి బల్లలా చూస్తారు.

బయటికి పంపడానికి భయపడుతున్నావ్, సహజమే. ముందు వీధి చివర కొట్టు దాకా, నువ్వు వెనకాల కాస్త దూరంలో నడువు. డబ్బులు లెక్క రాకపోయినా రంగులు వస్తాయి, యాభై నీలం, వంద లేత వంకాయ రంగు, రెండొందలు పసుపు. చీటీ మీద సబ్బు బొమ్మ అంటించి సరిపడా నోటొకటి ఇచ్చి పంపు, కొట్టాయనకి ముందే చెప్పుంచు. సంతలు, జాతర్లు మాత్రం నెమ్మదిగా. మా దగ్గర సిరిమాను జాతర రోజు మీ చిన్నాన్నని ఆ తోపులాటలోకి తీసుకెళ్ళను, కోట వైపు తెలిసినవాళ్ళ మేడ మీంచి చూస్తాడు, డప్పుల మోత ఎక్కువైతే లోపలికెళ్ళి కూర్చుంటాడు.

ఇది నువ్వు అడగలేదు గానీ చెప్తా. వాడు నిన్ను వచ్చి కావలించుకుంటాడు, వీధిలో ఆడపిల్లల్ని కూడా. వాడి మనసులో చెడు లేదు, కానీ ఎవరో ఒకడు కొట్టి పారేస్తాడు. ఇంట్లోవాళ్ళకి భుజం మీద చెయ్యి, బయటవాళ్ళకి నమస్కారం, ఇదే అందరూ ఒకేలాగ నేర్పాలి, మీ ఆయనా నవ్వుతూ వొదిలెయ్యకూడదు. అలాగే వాడు స్నానం చేస్తుంటే తలుపు తట్టకుండా ఎవరూ వెళ్ళకండి. వాడి ఒళ్ళు వాడిదని మనమే చూపించకపోతే రేపు ఎవడైనా చెయ్యి వేసినా తప్పని వాడికెలా తెలుస్తుంది.

కాగితాల సంగతి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చేది) ఉందో లేదో మీ అత్తగార్ని అడుగు, లేకపోతే మీ ఊరి సచివాలయంలో స్లాట్ బుక్ చేయించు, అందులో నలభై శాతం దాటితే పింఛను నెలకి 6000 వస్తుంది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. ఆ డబ్బు నీ డబ్బాలో వెయ్యకు, వాడి పర్సులో కాస్త పెట్టు. పద్దెనిమిదేళ్ళు దాటాక కన్నతల్లికి కూడా చట్టం ప్రకారం గార్డియన్ హోదా దానంతటది ఉండదు, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఆ చట్టంలో అన్ని రకాల వైకల్యాలూ రావు, రవి సర్టిఫికెట్లో ఏం రాసుందో చూసి అడుగు. అదే చట్టం కింద నిరామయ అని ఆరోగ్య ఇన్సూరెన్స్ లక్ష దాకా ఉంది. రైల్లో వాడితో తోడెళ్ళేవాళ్ళకి కూడా రాయితీ ఉంటుంది, దానికి వేరే సర్టిఫికెట్ కావాలి.

రవిది డౌన్ సిండ్రోమ్ అన్నావ్ కాబట్టి ఈ నెల్లోనే రెండు పనులు చెయ్యి, థైరాయిడ్ రక్తపరీక్ష, చెవుల పరీక్ష. వీళ్ళకి థైరాయిడ్ తగ్గడం మామూలే, ఏడాదికోసారి చూపించాలి. చెవి రంధ్రాలు సన్నగా ఉండి గులిమి కట్టేస్తుంది, సగం వినపడకే "పలకడు" అనిపించుకుంటారు. రిపోర్టులు ఫోటో తీసి పెట్టు.

పెద్దత్త