మీ ప్రశ్న – నా జవాబు: జనవరి 4ని కదపకండి

ప్రశ్న: చిన్నప్పటి నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తున్నాను. షిన్సుకే నకమురా అంటే ఇష్టం. ఆయన పాత మ్యాచుల కోసం వెతుకుతూ న్యూ జపాన్ అనే జపాన్ రెజ్లింగ్ కంపెనీ షోలు చూడటం మొదలుపెట్టాను. అక్కడ ప్రతి జనవరి 4న టోక్యో డోమ్ స్టేడియంలో పెద్ద షో, వేసవిలో జీ1 లీగ్, ఏడాది చివర జంటలుగా ఆడే ట్యాగ్ లీగ్. ఎప్పుడు చూసినా ఒకటే వరస. మీకు విసుగు రాదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాలేదండీ, ఒక్కసారి కూడా. ఉద్యోగరీత్యా ఐదేళ్లు టోక్యోలో ఉన్నాను. అక్కడ కొత్త సంవత్సరానికి ఒక పద్ధతి ఉంటుంది. ఒకటో తారీఖున గుడికి వెళ్తారు. రెండు, మూడు తారీఖుల్లో టోక్యో నుంచి హకోనేకి వెళ్లి తిరిగొచ్చే కాలేజీ కుర్రాళ్ల రిలే పరుగు టీవీలో చూస్తారు. నాలుగున మాలాంటివాళ్లం డోమ్ దగ్గరి సుయిదోబాషి స్టేషన్‌లో దిగుతాం. ఆ రోజు డోమ్‌లో షో 1992 నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు. ఆ షోకి రెజిల్ కింగ్‌డమ్ అనే పేరు 2007లో వచ్చింది కానీ అభిమానులు ‘ఇత్తెన్-యోన్’ అనే అంటారు. ఒకటి చుక్క నాలుగు అని. తేదీయే పేరైపోయింది.

న్యూ జపాన్ రెజ్లర్ తెత్సుయా నైతో సంగతి చెప్తాను, వినండి. 2013 ఆగస్టులో ఆయన జీ1 గెలిచాడు. అప్పట్లో జీ1 గెలిచినవాడికి జనవరి 4న ఛాంపియన్‌తో టైటిల్ మ్యాచ్ దక్కేది, ఆ రోజు ఆఖరి మ్యాచ్ అదే కావాలి. కానీ అప్పట్లో నైతో అంటే జనానికి గిట్టేది కాదు. ఏ మ్యాచ్ ఆఖరున పెట్టాలో అభిమానులనే ఓటు వేయమన్నారు. మీ నకమురాకి, తనహాషి అనే మరో స్టార్‌కి మధ్య మ్యాచ్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి. దాంతో 2014 జనవరి 4న నైతో, ఛాంపియన్ ఒకాడా టైటిల్ మ్యాచ్ చివరి నుంచి రెండోదైంది. నేను ఎక్కడో పై వరసలో కూర్చున్నాను. ఓడిపోయిన నైతో వెనక్కి నడుస్తుంటే నా పక్కవాళ్లు తినేసిన బెంటో డబ్బాలు సర్దుకుంటున్నారు, ఒకరిద్దరు టాయిలెట్‌కి లేచారు. అదే మ్యాచ్ ఏ మార్చిలోనో జరిగుంటే అంత అవమానం ఉండేది కాదు. ఆ చోటు ఏటా అక్కడే ఉంటుంది కాబట్టే, చేతికి వచ్చింది జారిపోయిందని అందరికీ తెలిసింది.

2017లో మళ్లీ జీ1 గెలిచాడు. 2018 జనవరి 4 గురువారం. ఆఫీసు నుంచి అటే వెళ్లాను. క్రిస్ జెరికో, కెన్నీ ఒమెగా మ్యాచ్ కోసం విదేశీయులు చాలామంది వచ్చారు, నిజమే. కానీ నైతో సూటు తీరిగ్గా విప్పుతున్నంతసేపూ ఆ డోమ్ అంతా ఆయనదే. నాలుగేళ్ల కిందట పొమ్మన్న జనమే ఇప్పుడు గొంతు చించుకుంటున్నారు. చివర్లో రింగు మూలకెక్కి, గాల్లో మెలితిరుగుతూ ఒకాడా మీదకి దూకాడు. ఒకాడా పక్కకి దొర్లాడు. అంతే, అయిపోయింది.

టోక్యో డోమ్ కప్పుని లోపలి గాలి ఒత్తిడే పైకి నిలబెడుతుంది. అందుకే బయటికొచ్చే తలుపు దగ్గర గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టు తోస్తుంది. ఆ గాలిలో, నా ముందు నడుస్తున్న పెద్దాయన టోపీ పట్టుకుని పక్కన ఉన్న కుర్రాడితో ‘మత రైనెన్’ అన్నాడు. మళ్లీ వచ్చే ఏడాది అని. ఎప్పుడు, ఎక్కడ అని చెప్పుకోవాల్సిన పనే లేదు.

2020లో డోమ్ షోని రెండు రోజులు చేశారు. నైతో గెలిచింది 5న. గెలిచాక తన జట్టువాళ్ల పేర్లు పిలిచి, జట్టు పేరులోని చివరి మాటలు ‘డె... హా...పోన్’ జనంతో అనిపించడం ఆయన అలవాటు. సరిగ్గా అప్పుడే కెంటా అనే రెజ్లర్ వచ్చి మీదపడి అది కాకుండా చేశాడు. రెండు రోజులు చేయడం నాకు అసలు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పండగని సాగదీస్తే ఏ రోజు అసలు పండగో తెలియకుండా పోతుంది. 2024 నాటికి డోమ్ మళ్లీ ఒక్క రోజుకే వచ్చింది. ఆ జనవరి 4న నైతో ఛాంపియన్ సనాడాని ఓడించాడు. మా ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఫోన్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి, దీపాలు పెట్టే వేళకి కూడా లేవలేదు. ఈసారీ ఎవరో అడ్డొస్తారని టెన్షన్. వచ్చారు కూడా. అయినా చివరికి ఆ పిలుపు పూర్తయింది. 2014 నుంచి సరిగ్గా పదేళ్లు. తర్వాత 2025లో ఆయన కంపెనీ వదిలేశాడు. ఎవరు గెలవాలో ఆఫీసువాళ్లు రాసుకుంటారు, నాకూ తెలుసు. ఆ తేదీ మాత్రం చూసేవాళ్లది.

ఇంకో సంగతి. 2000లో ఆల్ జపాన్ అనే మరో రెజ్లింగ్ కంపెనీ నుంచి మిసావా అనే పెద్ద స్టార్ మిగతావాళ్లతో విడిపోయి వెళ్లినప్పుడు, అక్కడ జపాన్ మల్లయోధులు కవడా, ఫుచి ఇద్దరే మిగిలారు. అయినా ఆ ఏడాది చివర ట్యాగ్ లీగ్ ఆపలేదు. 1977 నుంచి నడుస్తున్న లీగ్ అది. దొరికినవాళ్లతోనే నడిపారు. ఆ సంస్థ బతికే ఉందని జనానికి చెప్పడానికి అంతకంటే మంచి దారి వాళ్లకి లేదు.

ప్రశ్న: ఈసారి జీ1 చూద్దామనుకుంటున్నాను. నెల రోజుల మ్యాచులన్నీ చూడటం నా వల్ల కాదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అన్నీ చూడక్కర్లేదమ్మా. ఒక్కరిని ఎంచుకోండి, పెద్ద పేరు లేనివాడైతే మరీ మంచిది. గెలుపుకి 2 పాయింట్లు, డ్రాకి 1. ఆయన పాయింట్లు ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. వీలైతే 1991 మొదటి జీ1 ఫైనల్ కూడా చూడండి. సుమో పోటీలు జరిగే ర్యోగోకు హాల్లో మసాహిరో చోనో ముతోని ఓడిస్తాడు. పెద్ద యోధుడు ఓడిపోతే కింద వేసుకున్న దిండ్లు విసరడం సుమోలో జనం చేసే పని. ఆ రాత్రి చోనో గెలవగానే హాలంతా దిండ్లే ఎగిరాయి.