ఇంజెక్టర్లు మార్చాక మైలేజీ పడిపోయింది, గ్యారేజీపై కేసు వేయొచ్చా?

సందేహం: మాది 2012 మోడల్ డీజిల్ కారు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చేది. రెండు నెలల కిందట గ్యారేజీలో నాలుగు ఇంజెక్టర్లూ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) మార్పించి 52 వేలు కట్టాం. అప్పటి నుంచి 13 దాటడం లేదు, నల్లపొగ కక్కుతోంది. ‘పాత బండి అంతే’ అంటున్నారు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: వేయొచ్చు. డబ్బు తీసుకుని చేసిన పని సరిగా లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవాలోపమే. బండి పాతదన్నది దానికి జవాబు కాదు. కాకపోతే ‘మైలేజీ తగ్గింది’ అన్న మీ మాట ఒక్కటే వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. టైర్లలో గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, బ్రేకు పట్టేసినా మైలేజీ పడిపోతుంది. అవతలి లాయరు మొదట పట్టుకునేది అదే.

అందుకే మరో మెకానిక్ చేత ఏదీ విప్పించకముందే సాక్ష్యం సమకూర్చుకోండి. టైర్లలో గాలి, ఫిల్టర్ సరిచూసుకుని ట్యాంకు నిండా పోయించండి. 200 కిలోమీటర్లు తిరిగి అదే బంకులో మళ్లీ నింపించండి. రసీదులు, ఓడోమీటర్ ఫొటోలు దాచండి. కాలుష్య పరీక్ష కూడా చేయించండి. పొగ పరిమితి బీఎస్-3 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనాన్ని కొలిచే కొలమానం), బీఎస్-4కు 50.

అసలు కీలకం స్కాన్ రిపోర్టు. చాలా కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే) ఇంజిన్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద ఒక కోడ్ ఉంటుంది. కొత్తది బిగించాక ఆ కోడ్‌ను ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్)లోకి ఎక్కించాలి. వదిలేస్తే సిలిండర్‌కు పంపే డీజిల్ లెక్క తప్పి పొగ రావచ్చు, మైలేజీ తగ్గొచ్చు. వేరే వర్క్‌షాపులో ఈ కోడ్లు, కరెక్షన్ విలువలు (ఒక్కో ఇంజెక్టర్‌కు ఈసీయూ చేస్తున్న డీజిల్ సర్దుబాటు), రిటర్న్ లీక్ టెస్టు (ఇంజెక్టర్ నుంచి వెనక్కి పోయే డీజిల్ కొలత) ఫలితం సంతకం, తేదీతో రాయించుకోండి. ఇంజెక్టర్ మీది కోడ్ ఒకటి, ఈసీయూలో ఉన్నది మరొకటి అయితే మీ కేసు చాలా బలపడుతుంది. ఇంజెక్టర్లు తీయించాల్సి వస్తే పారేయొద్దు. సెక్షన్ 38 కింద కమిషన్ వాటిని ల్యాబ్ పరీక్షకు పంపగలదు. గ్యారేజీ బిల్లు ఇవ్వకపోయి ఉంటే అదీ అనుచిత వ్యాపార పద్ధతే; యూపీఐ చెల్లింపు వివరాలు జతచేయండి.

ముందుగా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే సెక్షన్ 35 కింద ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. 52 వేలతో పాటు అదనపు డీజిల్ ఖర్చూ అడగండి: మీ లెక్కన ప్రతి వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 21 లీటర్లు ఎక్కువ పోయిస్తున్నారు.