పాత కారు కూలెంట్ ట్యాంక్ పగిలితే అతికిస్తే సరిపోతుందా, మార్చాలా?

మీరు అడిగింది ఇదీ. పాతికేళ్ళు దాటిన నాన్నగారి కారు, బానెట్ కింద తెల్ల ప్లాస్టిక్ కూలెంట్ ట్యాంక్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళుండే డబ్బా) అంచున సన్నగా చెమ్మ కనబడుతోంది, మెకానిక్ ఎంసీల్ పెడితే చాలంటున్నాడు, కొత్తది ఎక్కడా దొరకట్లేదు, ఏం చెయ్యమంటారు అని. మార్చండి. అతికించొద్దు. ట్యాంకుతో పాటు మూత కూడా మార్చండి. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేను మూడుసార్లు అతికించాను, మూడోసారి ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో సుంకి ఘాట్‌లో అమ్మానాన్నలతో సహా రోడ్డు మీద నిలబడిపోయాను.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా కారు 1997 దేవూ సియెలో, నాన్న 2001లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికి మా వీధిలో అంత పొడుగు కారు లేదు. 1498 సీసీ ఇంజన్, ఓపెల్ కాడెట్ వంశం నుంచి వచ్చిన బండి, ఘాట్ రోడ్డు మీద థర్డ్ గేర్‌లో ఎంత హాయిగా ఎక్కుతుందో నడిపినవాళ్ళకే తెలుస్తుంది. అక్క పెళ్ళికి, తాతయ్య చివరి ప్రయాణానికి, నా కొడుకు పుట్టినప్పుడు ఆస్పత్రికి, అన్నిటికీ అదే. అమ్మెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళకి నేను జవాబు చెప్పడం మానేశాను.

ఆ ట్యాంక్ ఇరవై అయిదేళ్ళు నిలబడింది, అంటే ప్లాస్టిక్‌ది తప్పు లేదు. రోజూ వేడెక్కడం చల్లారడం, లోపల ఒత్తిడి ఎక్కడం దిగడం, అన్నేళ్ళకి తెల్లది పసుపయింది, పసుపుది గోధుమరంగయింది, పైముక్క కిందముక్క కలిసిన అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక వచ్చింది. ఈ చీలికతో వచ్చిన చిక్కేంటంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనబడదు, పొడిగా ఉంటుంది. వేడెక్కి ఒత్తిడి వచ్చాకే నోరు తెరుస్తుంది. చీలిక చుట్టూ ఎండిపోయిన ఉప్పులాంటి పచ్చటి మరక ఒక్కటే గుర్తు. మీరు చెమ్మ చూశారంటే ఇప్పటికే ఆలస్యం అయింది.

మా మెకానిక్ మంచివాడే, చేతి పనితనం ఉన్నవాడే, కానీ ఎంసీల్ మీద అతనికి దేవుడంత నమ్మకం. మొదటిసారి ఎంసీల్, రెండోసారి గరుకు కాగితంతో గీకి ఎరాల్డైట్, మూడోసారి సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి మళ్ళీ పైన ఎంసీల్. ఇలాంటి ట్యాంకుల ప్లాస్టిక్‌కి జిగురు పట్టదండీ, పైన పెచ్చులా కూర్చుంటుంది అంతే. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది, ఎంసీల్ సాగదు, నెల తిరిగేసరికి ఊడి చేతికొస్తుంది. కరిగించి అతికితే పక్కనున్న పెళుసు ప్లాస్టిక్‌లో కొత్త చీలిక మొదలవుతుంది. మూడూ నేను కళ్ళారా చూశాను.

ఇక 2023 మే. విజయనగరంలో పెద్దమ్మగారి మనవరాలి పెళ్ళి చూసుకుని తిరిగొస్తున్నాం. ముందు సీట్లో నాన్న, వెనక అమ్మ, పక్కన పెళ్ళివాళ్ళిచ్చిన అరిసెల డబ్బా. సాలూరు దాటేసరికి మధ్యాహ్నం మూడు, ఘాట్ మొదలయింది, ముందు లారీల వరస, సెకండ్ గేర్‌లోనే పాకుతున్నాం. ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటింది. ఏసీ ఆపేశాను. ఇంకో రెండు మలుపులు ఎక్కేసరికి ముల్లు ఎర్ర గీత పక్కకి వచ్చింది, తియ్యటి వాసన, ఆ వెంటనే బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకి తీసి ఆపేశాను. సుంకి ఇంకా పైనే ఉంది.

బానెట్ ఎత్తితే ఎంసీల్ పెచ్చు ఊడి కింద పడి ఉంది, ట్యాంక్ అతుకులోంచి బుసబుసమని నీళ్ళు. అక్కడో చిన్న టీ బడ్డీ ఉంది, ఆ కుర్రాడు పాపం సాయం చేద్దామని గోనెసంచి తడిపి మూత తిప్పడానికి వచ్చాడు. నేను కూడా కంగారులో సరే అనబోయాను. అప్పుడే వెనక ఆగిన లారీలోంచి డ్రైవర్ దిగి పరుగున వచ్చాడు. "బాబూ ముట్టకండి, ముట్టకండి! మొహం కాలిపోద్ది" అని ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని లాగేశాడు. ఆయనది టెక్కలి దగ్గరట. ఆ చెయ్యి లాగకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటే గుండె జారుతుంది. లోపల నీళ్ళు నూరు డిగ్రీలు దాటి ఉంటాయి, ఒత్తిడి వల్ల మాత్రమే మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణం ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మీదకి తన్నుతాయి.

ముప్పావుగంట ఆగమన్నాడు. నీళ్ళు కూడా పొయ్యనివ్వలేదు, కాగిపోయిన ఇంజన్‌లో చల్లనీళ్ళు పోస్తే హెడ్ వంకరపోద్ది అన్నాడు. నిజమే, ఈ ఇంజన్‌కి బ్లాక్, అంటే కింది భాగం, ఇనుము, హెడ్, అంటే పై భాగం, అల్యూమినియం, రెండూ ఒకేలా సాగవు. చల్లారాక తన క్యాన్‌లో నీళ్ళు ఆయనే పోసి, "ట్యాంకీ పగిలిపోనాది బాబూ, మూత బిగిస్తే మళ్ళా తంతాది. వొదులుగా ఎట్టుకుని మెల్లగ ఎల్లిపోండి, హీటర్ ఎయ్యండి" అన్నాడు.

మే నెలలో హీటర్. అది కూడా చిన్న రేడియేటరే కాబట్టి ఇంజన్ వేడిలో కొంత కారు లోపలికి లాగుతుంది. అద్దాలు నాలుగూ దించేశాం. నాన్నకి అప్పుడు డెబ్భై నాలుగు. కాళ్ళ దగ్గర నిప్పులాంటి గాలి కొడుతుంటే చెప్పులు విప్పేసి, కాళ్ళు సీటు మీదకి మడుచుకుని కూర్చుని, దారి పొడుగునా ముల్లు చూసి నాకు చెప్తూనే ఉన్నారు. "సగం... సగం దాటింది... ఆపరా." ఆపడం, చల్లార్చడం, నీళ్ళు పొయ్యడం, మళ్ళీ బయల్దేరడం. పొట్టంగి చేరేలోపు నాలుగుసార్లు ఆగాం. అమ్మ వెనక సీట్లోంచి ఒక్క మాట అనలేదు, ఆగిన ప్రతిసారీ నాన్నకి మంచినీళ్ళు ఇచ్చింది. జయపురంలో ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండున్నర. ఆ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ బతికింది, నీళ్ళు కలిసి ఆయిల్‌లో తెల్ల నురగ రాలేదు, అది మా అదృష్టం.

ఇదంతా చెప్పింది మూత విలువ తెలియాలని. మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి లోపలి ఒత్తిడిని ఒక హద్దు వరకూ పట్టి ఉంచి, దాటితే వదిలేస్తుంది, రెండోది చల్లారాక గాలి లోపలికి తీసుకుంటుంది. బయటి గాలి ఒత్తిడి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ పట్టి ఉంచితే మామూలు నీళ్ళే 120 డిగ్రీల దాకా మరగవు. మూత వదులు చేస్తే ఆ రక్షణ పోతుంది. పైగా మన కొరాపుట్ దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరిగిపోతాయి. అందుకే ఆ రాత్రి అన్నిసార్లు ఆగాం. రబ్బరు ఎండిపోయిన పాత మూత కొత్త ట్యాంక్ మీద పెట్టినా అదే గతి, లేదా వాల్వ్ బిగుసుకుపోయి ఒత్తిడి పెరిగి కొత్త ట్యాంకే పగులుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అంబాసిడర్, పద్మిని, మారుతి 800 లాంటి బండ్లలో ప్రెషర్ మూత రేడియేటర్ మీదే ఉంటుంది, పక్కన ప్లాస్టిక్ డబ్బా ఉంటే అది పొంగిన నీళ్ళు పట్టుకోడానికి మాత్రమే, దానికి ఒత్తిడి ఉండదు. మీది అలాంటిదైతే చీలిక వల్ల కొంప మునిగిపోదు. రేడియేటర్ మీద మూత లేకుండా ట్యాంక్‌కే తిప్పి బిగించే మూత ఉంటే మాత్రం నా సలహా మీకే. ఇది తెలియక మా ఊళ్ళో ఒకాయన కారుకి మారుతి డబ్బా బిగించి ఇచ్చారు, రెండు రోజులు కూడా ఆగలేదు.

దొరకడం సంగతి. విశాఖ ఆటోనగర్‌లో లేదన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో స్క్రాప్ బండిది ఉంది, తీసుకోలేదు. స్క్రాప్‌లోది మీ ట్యాంకు వయసుదే కదా, అదే ప్లాస్టిక్, అదే ఎండ, దాన్ని కొనడమంటే ఇంకో చీలిక కొనడమే. కంపెనీ ఇండియాలో ఎప్పుడో మూతపడింది కానీ ఇదే బండి నెక్సియా పేరుతో ఉజ్బెకిస్తాన్‌లో 2016 దాకా తయారయింది, అందుకని కొత్త ప్లాస్టిక్ సామాన్లు ఇంకా వస్తున్నాయి. చివరికి ఢిల్లీ కశ్మీరీ గేట్ బజారు నుంచి తెప్పించాను. మీరు కూడా మీ బండికి బయటి దేశాల్లో ఉన్న పేరు తెలుసుకుని ఆ పేరుతో వెతకండి, సగం పని అయిపోతుంది.

మార్చడం గంట పని. రాత్రంతా చల్లారిన ఇంజన్, పొద్దున్నే మొదలెట్టండి. ట్యాంక్‌కి పైన సన్న పైపు, కింద లావు పైపు ఉంటాయి. అన్నేళ్ళ రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది, కటింగ్ ప్లయర్‌తో పీకితే రేడియేటర్ వైపు ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. ఎలాగూ కొత్త పైపులు వేస్తారు కాబట్టి బ్లేడుతో నిలువుగా కోసి తీసెయ్యండి. క్లిప్పులు కొత్తవి. ఆ తర్వాత గాలి తియ్యడం, మన మెకానిక్‌లు తొందరపడేది ఇక్కడే. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, రేడియేటర్ పైన ఉండే లావు పైపు చేత్తో నొక్కుతూ ఉండాలి, బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండాలి. మట్టం ఇంక దిగకపోతే మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా వదిలెయ్యండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు గీతల మధ్య ఉందో లేదో మళ్ళీ చూడాలి.

బోరునీళ్ళు వద్దు, లోపల సున్నం పేరుకుంటుంది. బ్యాటరీ వాటర్ సగం, నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్ సగం. పచ్చది ఎర్రది రంగు చూసి కొనకండి, డబ్బా మీద రాసింది చదవండి, ఒక రకంలో ఇంకోటి కలపొద్దు. ఇంకో మాట, మన వేడి దేశానికి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కే దాకా నీళ్ళని రేడియేటర్‌కి వదలని వాల్వ్) ఎందుకని పీకి పారేసే మెకానిక్ దగ్గరకి అసలు వెళ్ళకండి. డిసెంబర్‌లో సిమిలిగుడ చలిలో థర్మోస్టాట్ లేని ఇంజన్ ఓ పట్టాన సరైన వేడికి రాదు, పెట్రోల్ తాగుతుంది, ఆయిల్ పాడవుతుంది. నాదీ పీకేశారు ఒకప్పుడు, కొత్తది వేయించాక కారు నడకే మారింది.

ఇన్ని చేసి బండిని కాపాడుకుంటుంటే పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 చేశారు. నెలకి రెండుసార్లు తీసే బండికీ రోజూ పొగ కక్కే బండికీ ఒకటే లెక్క. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది.

చివరగా, తీసిన పాత కూలెంట్ వీధి కాలవలో పొయ్యొద్దు, పెరట్లో బకెట్‌లో మూత లేకుండా వదలొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, ఆవులు తాగేస్తాయి, తాగితే కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. మా వీధిలో ఆవులన్నీ గేటు తీసుంటే లోపలికే వస్తాయి. నేను క్యాన్‌లో పట్టి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజ్ వాళ్ళకి ఇచ్చాను, కింద ఒలికింది నాన్న రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగేశారు.