ఆ ఓణీ అంచు మీరూ కుట్టగలరు కదమ్మా

ప్రశ్న: మాది తెనాలి. మావారు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు, జీతం 42 వేలు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ కూడా చేస్తాను. పాప ఎనిమిదో తరగతి. పోయినేడాది మా తోడికోడలు హైదరాబాద్‌లో వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఏసీ హాల్లో చేసింది. డ్రోన్ కెమెరా, పూల స్టేజీ, పిల్లకి మూడు డ్రెస్సులు. అప్పట్నుంచి చుట్టాలంతా ‘మీ పాపది ఎప్పుడు?’ అంటున్నారు. నేనూ అలాగే చేద్దామని హాలుకి 30 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. సుకన్య ఖాతాలో ఈ ఏడాది డబ్బు వేయలేదు. 5 లక్షల పర్సనల్ లోన్‌కి మావారు సంతకం పెట్టనంటున్నారు. పైగా మా అత్తయ్య ముందే ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది’ అన్నారు. నాలుగు రోజులుగా మాటల్లేవు. నా ఓణీకి మా అమ్మ తన చేత్తో అంచు కుట్టింది, బీరువాలో ఇంకా ఉంది. ఇప్పుడవి ఆ రోజులు కావు కదా. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: అమ్మా, ముందు ఆ సామెత సంగతి. అత్తగారి ముందు ఆ మాట అనడం మీవారి తప్పే. లెక్క ఆయన వైపు ఉండొచ్చు, కానీ మనిషిని చిన్నబుచ్చి చెప్పిన లెక్క ఎవరికీ తలకెక్కదు. ఈ రాత్రి అందరూ పడుకున్నాక ‘ఆ మాటకి నాకు చాలా బాధ కలిగింది’ అని ఆయనతో చెప్పండి. లోన్ సంగతి ఆ తర్వాతే ఎత్తండి.

కూతురి వేడుక బాగా చేయాలనుకోవడం తప్పు కాదు. అయితే మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డ్రోన్ ఉంది, స్టేజీ ఉంది, చుట్టాలున్నారు. పాప ఏమంటోందో మాత్రం ఎక్కడా లేదు. పదమూడేళ్ల పిల్ల కదా. కొందరికి పట్టులంగా కట్టుకుని నలుగురి మధ్యా కూర్చోవడం ఎంతో సరదా. ఇంకొందరికి తాము పెద్దమనిషి అయిన సంగతి ఊరందరికీ చెప్పడమే నరకం. మర్నాడు స్కూల్లో ఎవరేమంటారోనని వాళ్లు పడే టెన్షన్ మనకి కనపడదు. మీ పాప ఏ రకమో మీకే తెలియాలి. తెలియకపోతే ఇవాళే అడగండి. తల దువ్వుతూ అడిగితే పిల్లలు నిజం చెప్తారు.

తోడికోడలిని చూసే ఎందుకింత బాధ? టీవీలో కోటీశ్వరుల పెళ్లిళ్లు చూస్తే మీకు నిద్ర పట్టకపోవడం లేదు కదా! లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీని గురించి రాశాడు. మనం ఎలా ఉన్నామో తేల్చుకోవడానికి వేరే కొలత దొరకనప్పుడు పక్కవాళ్లతో పోల్చుకుంటాం, అదీ మనలాంటి వాళ్లతోనే ఎక్కువగా పోల్చుకుంటాం. మీరిద్దరూ ఒకే ఇంటి కోడళ్లు, ఇద్దరికీ ఆడపిల్లలే, ఫంక్షన్ ఫొటోలు చూసేదీ అదే అత్తగారు. ఇంతకంటే దగ్గరి పోలిక ఎక్కడుంటుంది? మీకు కలిగింది మనుషులందరికీ కలిగేదే. దానికి సిగ్గుపడకండి. కొన్నాళ్లు ఆవిడ స్టేటస్‌లు మ్యూట్‌లో పెట్టండి, అంతే. ఆవిడ చేసింది ఆడంబరమని నేననను. వాళ్ల సంపాదన, వాళ్ల సరదా. ‘వాళ్లకంటే సింపుల్‌గా చేసి చూపిస్తా’ అని మాత్రం పట్టుదలకి పోకండి. అదీ వాళ్ల వైపు చూస్తూ బతకడమే అవుతుంది.

ఉత్తరం చివర్లో ఒక మాట రాసి దాటేశారు, మీ అమ్మగారు కుట్టిన అంచు గురించి. ఇన్నేళ్లుగా ఆ ఓణీ బీరువాలో దాచుకున్నారంటే, ఆ రోజు హాలు ఎంత పెద్దదో, ఎంతమంది వచ్చారో మీరు దాచుకోలేదనే కదా అర్థం! ‘ఆ రోజులు కావు’ అని మీకు ఎవరు చెప్పారు? ఊళ్లో ఆడవాళ్లు పెళ్లి బ్లౌజులకి మీ గుమ్మం ముందు నిలబడుతుంటే, సొంత కూతురి ఓణీకి మాత్రం మీరు బయటికి చూస్తున్నారు. ఓణీ మేనమామ తేవడం ఎలాగూ మన ఆనవాయితీ. మీ అన్నయ్యో తమ్ముడో ఉంటే ఆ బట్ట నెల ముందే తెప్పించుకోండి. మగ్గం మీద బిగించి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని పువ్వో నెమలో దాన్నే ఎంచుకోమనండి. ఒకటి రెండు పూసలు దాని చేత కూడా కుట్టించండి. మీ అమ్మగారు అంచు కుట్టిన మీ ఓణీ అప్పుడు బయటికి తీసి చూపిస్తే ఆ కథంతా మీరే చెప్పొచ్చు.

ఇక డబ్బు. 5 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకి తీసుకుంటే నెలకి 13,660 దాకా కట్టాలి. మీవారి జీతంలో దాదాపు మూడో వంతు. మొత్తం చేతి నుంచి పోయేది ఆరున్నర లక్షల పైమాటే. ఆఖరి కిస్తీలు కట్టే నాటికి పాప ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటుంది, కాలేజీ ఫీజులు సరిగ్గా అప్పుడే మీద పడతాయి. సుకన్య ఖాతాని అసలు వదలకండి. పిల్లకి పదేళ్లు దాటాక దాన్ని కొత్తగా తెరవడానికి లేదు. ఏడాదికి కనీసం 250 వేసినా ఖాతా నడుస్తుంది. ఒక ఏడాది తప్పినా ఆ 250కి తోడు 50 రూపాయల జరిమానా కడితే మళ్లీ మొదలవుతుంది. పది పాసయ్యాక చదువు కోసం అందులోంచి సగం దాకా తీసుకోవచ్చు.

మీవారితో కూర్చుని, అప్పు లేకుండా ఎంత పెట్టగలరో ఒక కాగితం మీద రాసుకోండి. ఎంత తక్కువైనా సరే, ఆ అంకె మీ ఇద్దరిదీ కావాలి. చుట్టాలు అడిగితే ‘ఇంట్లోనే చేస్తున్నాం, తప్పకుండా రండి’ అనండి చాలు. ‘ఏదో చిన్నగా కానిచ్చేస్తున్నాం’ అని సంజాయిషీలు చెప్పొద్దు. మీ గొంతులో చిన్నతనం వినిపిస్తేనే వాళ్లు రెండో ప్రశ్న వేస్తారు.

పాప కూడా ఇంట్లోనే బాగుంటుందంటే, రేపు పొద్దున్నే హాలు వాళ్లకి ఫోన్ చేసి అడ్వాన్స్‌లో ఎంత వెనక్కి ఇస్తారో అడగండి. తేదీ ఇంకా దూరంగా ఉంటే వేరేవాళ్లకి ఇచ్చుకుని కొంతైనా తిరిగిస్తారేమో. ఒక్క రూపాయీ రాకపోతే, 30 వేల దగ్గరే ఆగిందనుకోండి.