హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ అడవి సర్వేలకు వాలంటీర్‌గా వెళ్లొచ్చా? జువాలజీ చదవకపోతే పనికొస్తామా?

వెళ్లొచ్చు. నేను చదివింది బీకాం. ఉప్పల్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. సర్వేల్లో నాకు కాస్తో కూస్తో పనికొచ్చింది కూడా ఆ లెక్కల బుద్ధే.

అడవైనా, గడ్డి భూమైనా, కొండైనా ఒకటే పనా అని కూడా అడిగారు. దానికి కాస్త పొడుగ్గా చెప్తాను, నేను ఎక్కువ తప్పులు చేసింది అక్కడే కాబట్టి.

మొదటిసారి వెళ్లింది 2018 పులుల లెక్కప్పుడు, నల్లమలలో అమ్రాబాద్‌కి. పేరుకు పులుల లెక్కే గాని, పులి కనపడుతుందని ఆశపడితే మాత్రం నిరాశే. మొదటి మూడు రోజులు దారుల వెంట రోజుకు ఐదేసి కిలోమీటర్లు నడుస్తూ అడుగుజాడలు, పెంట, చెట్ల మీద గోళ్ల గీతలు రాసుకోవాలి. తర్వాత మూడు రోజులు పొద్దున్నే రెండు కిలోమీటర్ల తిన్నని గీత మీద, అదే గీత మీద మళ్లీ మళ్లీ, నడవాలి. దుప్పి మంద కనపడితే ఎన్ని ఉన్నాయో ఒక్కటే రాస్తే చాలదు. మన నుంచి ఎంత దూరం, దిక్సూచిలో ఏ కోణం అన్నదీ రాయాలి. ఎందుకంటే చెట్లు దట్టంగా ఉన్నచోట దగ్గరివి కనపడతాయి, దూరానివి దాక్కుంటాయి. దూరం పెరిగేకొద్దీ కనపడేవి ఎంత తగ్గుతున్నాయో చూసి, మన కంటికి తప్పిపోయినవి ఎన్నో తర్వాత లెక్క కడతారు. కనపడనివాటి సంగతేంటన్న నా సందేహం అక్కడే తీరింది: అవి కూడా ఖాతాలో ఉంటాయన్నమాట.

మాతో వచ్చిన చెంచు పెద్దాయన రోజంతా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. రెండో రోజు నేనొక నల్లటి ముద్దను దాటేసి ముందుకు పోతుంటే, "జర ఆగు సారూ" అని పుల్లతో దాన్ని విప్పాడు. లోపల అంతా రేగు గింజలు, మధ్యలో చెదపురుగుల తలలు, ఆవాల్లా మెరుస్తూ. ఎలుగుబంటిది. "నిన్న పొద్దుగూకినంక పోయింది" అన్నాడు. నేను ఫోన్ యాప్‌లో దాని ఫోటో, జీపీఎస్ ఎక్కించాను. ఆ పని నాది, చూసిన కన్ను ఆయనది. సర్వే నివేదికల్లో ఇలాంటివాళ్ల పేర్లు ఇంకా పైన ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఎదుట ఏదైనా కదిలితే వాటంతట అవే ఫోటో తీసే కెమెరాల పని శిక్షణ ఉన్న సిబ్బంది చేస్తారు. దారికి ఇటొకటి అటొకటి కడతారు, ఏ పులి ఏదో చారల్ని బట్టే గుర్తిస్తారు, రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు కాబట్టి. ఆ ఏడాది దేశం మొత్తంలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651. మిగతావి దుప్పులు, పశువులు, గాలికి ఊగిన గడ్డి!

ఇక గడ్డి భూములు. మనకు దగ్గర్లో వికారాబాద్ వైపు ఎన్కతల ఉంది, తెల్లవారుజామున బండి తీస్తే ఎండ ఎక్కకముందే చేరతాం. చెట్టే లేదు కదా, అన్నీ కనపడతాయనుకున్నా. అక్కడే బోల్తా పడ్డా. లార్క్ పిట్టలన్నీ మట్టి రంగే, నేలకు కరుచుకుని కూచుంటాయి, కాలు దగ్గరకొచ్చేదాకా కదలవు. ఒకటి లేచి పోతుంటే తోక వైపు చూసి, ఖాళీ గడి ఎందుకని ఒక పేరు రాసేశాను. మా బృందంలో పెద్దావిడ పుస్తకం అందుకుని, "రెక్క చూశారా? కొప్పు చూశారా? కూత విన్నారా?" అని మూడడిగింది. మూడింటికీ లేదనే అన్నాను. దాన్ని కొట్టేసి "గుర్తు తెలియని లార్క్, 1" అని రాయించింది. సిగ్గేసింది గాని, ఆఫీసులో రసీదు లేని ఖర్చును నేనూ ఒప్పుకోను కదా.

ఇలాంటి నేలను మన రికార్డుల్లో బంజరు అనేస్తాం. చెట్లు నాటితే పుణ్యమనుకుంటాం. కానీ బట్టమేక పిట్టకు ఆ బంజరే ఇల్లు. మన కలివికోడి కథ కూడా ఇలాంటి ముళ్లపొదల నేలదే. 1900 తర్వాత ఎవరూ చూడలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే ఎలా కనపడుతుంది? తర్వాత సన్నని మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద అడుగులు పడ్డాయేమో చూసే పద్ధతి కూడా వాడారు. "చూడలేదు" అని రాయండి, "లేదు" అని రాయకండి. ఎన్ని గంటలు, ఏ వేళ వెతికారో పక్కన రాయండి. సున్నా కూడా అప్పుడే పనికొస్తుంది.

కొండల గురించి నాకు తెలిసింది తక్కువ. అరకు వైపు అనంతగిరికి రెండుసార్లు వెళ్లానంతే. అక్కడ ఎత్తు మారితే జాబితా మారిపోతుంది, కాబట్టి కింద రెండు గంటలు, పైన అరగంట వెతికి పోల్చకూడదు. ప్రతి ఎత్తులోనూ అంతే సమయం ఇవ్వాలి. పొద్దున మంచులో కళ్లు పనిచేయవు, అంతా చెవులే. విశాఖ పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఆ తూర్పు కనుమల్లోనే ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి ఒక బాబ్లర్ పిట్ట ఉపజాతికి ఆయన పేరే పెట్టారు.

మీరైతే ముందు ఊళ్లోనే మొదలుపెట్టండి. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ బర్డ్ అట్లాస్ మొదలైంది. నగరాన్ని గడులుగా విడగొట్టి, ఎవరికి వచ్చిన గడిలో వాళ్లు పిట్టల్ని లెక్కపెడతారు. మీ గడిలో హుస్సేన్‌సాగర్ బదులు ఫ్లైఓవర్ రావచ్చు, అలిగి చెరువు దగ్గరకు వెళ్లిపోకూడదు. అమీన్‌పూర్ చెరువుకు సరదాగా మరో ఆదివారం వెళ్లండి. పావురాలు, కాకులు లెక్కపెట్టడం ఓపికగా వచ్చాక, పులుల లెక్కకు అటవీశాఖ వాలంటీర్లను పిలిచినప్పుడు దరఖాస్తు పెట్టండి. దేశమంతటా అది నాలుగేళ్లకోసారి జరుగుతుంది.

బూట్లు మాత్రం కొత్తవి వేసుకుని వెళ్లకండి. అమ్రాబాద్‌లో మొదటి రోజు సాయంత్రానికే నా రెండు మడమలూ బొబ్బలెక్కి, మిగతా రోజులు ప్లాస్టర్లు చుట్టుకుని నడిచాను. పిడుదుల కోసం ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి.